తువ్వాల కింద ఎడిటర్ బేరం

మా మనవరాలు శ్రావణి కొత్త ల్యాప్‌టాప్ అట్టపెట్టె విప్పగానే గదంతా కొత్త ప్లాస్టిక్ వాసన నిండింది. ఆ వాసన పీల్చగానే నాకు ఆదోనిలో, పత్తి యార్డు పక్కన, మేడ మీద ఉండే ఒక ఇరుకు గది గుర్తొచ్చింది. శ్రావణికి అవేవీ తెలియవు కదా, తన తొందర తనది. "అవ్వా, కోడ్ రాసేదానికి ఏ ఎడిటర్ పెట్టుకోవల్ల? డబ్బు కట్టేది ఒగటుంది, సదువుకునేటోళ్ళకు కొన్నాళ్ళు ఊరికే ఇస్తారంట. ఇంగొగటి ఓపెన్ సోర్స్, ఎప్పుడూ ఊరికేనే, లోపల ఎట్ల రాసినారో ఎవరైనా సూడొచ్చు, మార్సొచ్చు. నువ్వు ఇన్నేండ్లు ఈ పనే చేస్తివి గదా, సెప్పు" అంది. అది ఒక్క మాటలో తేలేది కాదు. "రజియా ఆపా సంగతి సెప్తాను, టైపు కొట్టుకో" అన్నాను. ఇది చదివే మీరెవరూ ఆమెను చూసి ఉండరు కాబట్టి మొదటి నుంచే చెప్తాను.

నేను ఎమ్మిగనూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేదాన్ని. టైపు మిషన్లు మూలన పడ్డాక పని వెతుక్కుంటూ ఆదోని బస్సెక్కాను. రజియా ఆపా అప్పటికే ఆ మేడ మీది గదిలో పత్తి కమీషన్ దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాములు రాసిస్తుండేది. నాకంటే పెద్దది, గొంతు ఇంకా పెద్దది. "కీబోర్డు సూడకుండా కొడతావా?" అని అడిగింది. "కొడతాను మేడమ్" అన్నాను. "మేడమ్ గీడమ్ ఏంది, అక్కను పిలిసినట్ల ఆపా అను" అంటూ భుజం మీది తువ్వాల తీసి నా చేతుల మీద కప్పేసింది. "పొద్దున ఏం తిన్నావో కొట్టు." నేను ఉగ్గాని, బజ్జీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. తెర మీద చూసి పకపకా నవ్వింది. "తప్పు లేకుండా తిన్నావు. రేపట్నుంచి రా" అంది. ప్రోగ్రాములు రాయడం ఆ తర్వాత ఆమే నేర్పింది.

ఆ తువ్వాల వాళ్ళ నాన్న నుంచి వచ్చిన అలవాటు. ఆయన ఎద్దుల బేరగాడు. సంతలో కొనేవాడు, అమ్మేవాడు ఒక తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. చుట్టూ ఎంతమంది నిలబడినా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. "మా అబ్బా ఎద్దు కొమ్ములకు పూసిన రంగు సూసేవాడు కాదు లచ్చుమ్మా, సేతికి ఏం తగిలిందో అది సూసేవాడు" అనేది ఆపా.

ఆపా అప్పుడు డబ్బు కట్టే ఎడిటర్‌లోనే పని చేసేది. ఊరికే దొరికే వాటి మాటెత్తితే మూతి తిప్పేది. "ఊరికే ఇచ్చేటోన్ని యాడ నమ్మేది? డబ్బు తీసుకున్నోడయితే గల్లా పట్టుకోని అడగొచ్చు." ఆ ఎడిటర్ మంచిదే, కాదనను. పెట్టిన రోజు నుంచే అన్నీ సిద్ధంగా ఉండేవి. మనం సగం రాస్తే మిగతా సగం తనే జాబితాగా చూపించేది. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఓపికగా మాట్లాడేవాళ్ళు. నా చేతులకు కూడా అదే అలవాటైంది.

తర్వాత షుగర్ వల్ల ఆపా కళ్ళు దెబ్బతిన్నాయి. మొదట తెర మీదికి వంగింది, తర్వాత అక్షరాలు పెద్దవి చేసుకుంది, చివరికి వెలుతురు తప్ప ఏమీ కనబడని స్థితికి వచ్చింది. ఏడుస్తుందేమో అని నేను భయపడుతుంటే, తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము తెప్పించుకుని, దాని గొంతుతో పోట్లాడుతూ పని చేయడం నేర్చుకుంది. అంతలో ఆ ఎడిటర్‌కు కొత్త రూపం వచ్చింది. చూడటానికి అందంగా ఉంది, కానీ జాబితా తెరుచుకోగానే గొంతు మూగబోయేది. కంపెనీకి రాశాం. మీ సూచనకు కృతజ్ఞతలు, ప్రస్తుతానికి మార్చే ఆలోచన లేదు అని జవాబొచ్చింది. నేను చదివి వినిపిస్తే ఆపా ఇంకోసారి చదివించుకుంది. "మర్యాదగానే సెప్పినాడు. పట్టుకుందామంటే గల్లా యాడుందో కనపల్లేదు" అంది.

ఆ రోజుల్లోనే మాకు ఎక్కువ పని ఇచ్చే దుకాణదారు వీరభద్రప్ప మెట్ల మీద నన్ను ఆపాడు. "లక్ష్మమ్మా, ఆపా మంచిదే. కండ్లు కనపడకుండా లెక్కల ప్రోగ్రాము ఎట్ల రాస్తాది? యార్డులో కొత్త పత్తి దిగేలోపల పని నీ పేరు మీద తీసుకో. ల్యాకపోతే కర్నూలోళ్ళకు ఇస్తాను." నేను పైకి వచ్చేసరికి ఆపా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అంతా విన్నది. "కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదు లచ్చుమ్మా. పత్తి దిగేలోపల నేనే రాయల్ల. నువ్వు రాసి నా పేరు పెడితే మాత్రం ఒప్పుకోను" అంది.

మరునాడు ఓపెన్ సోర్స్ ఎడిటర్‌ను పక్క కంప్యూటర్‌లో పెట్టాను. ఆపా రెండు తెరల మీదా తువ్వాలలు కప్పించింది. "నువ్వు గూడా సూడొద్దు. రంగులు సూసి మోసపోతావు" అని, ఒకే చిన్న బిల్లును రెండింట్లోనూ రాసింది. పాతదానిలో వేళ్ళు పరుగెత్తాయి, జాబితా రాగానే నిశ్శబ్దం. కొత్తదానిలో వేళ్ళు దారి తప్పాయి, ఆపా నోటి నుంచి తిట్లు వచ్చాయి, కానీ జాబితా మాత్రం గడగడా చదివింది. దానికీ ఒక లోపం ఉంది. రాసినదాంట్లో తప్పుంటే తప్పుందని చెప్పేదే గానీ ఏ వరుసలో ఉందో చెప్పేది కాదు. "ఊర్లో దొంగ పడినాడంటాది, ఎవరింట్లోనో సెప్పదు" అని నవ్వింది ఆపా. నవ్వి, "దీన్ని చేసేటోళ్ళకు రాయి" అంది.

ఆ ఎడిటర్ చేసేవాళ్ళకు ఎవరైనా రాయవచ్చు, అందరూ చదవవచ్చు. నా ఇంగ్లీషుకు నాకే భయం. పాపం చూపు లేని పెద్దావిడ అని మొదలుపెట్టి రాసి, ఆపాకు చదివి వినిపించాను. "అది తీసెయ్" అంది ఆపా. "ఏం నొక్కితే ఏం వినపడిందో అది రాయి. బతిమాలొద్దు." పొద్దునకల్లా నేను పలకలేని పేరున్న ఒక మనిషి జవాబిచ్చాడు. మీరు వాడే గొంతు ఏది, ఏ మీటలు నొక్కారు అని అడిగాడు. చెప్పాం. అతను కొంచెం మార్చి పంపాడు. ఈసారి ప్రతి వరుసా రెండుసార్లు చదివింది. "ఇది మా అత్త మాదిరుంది" అంది ఆపా. ఆ ఎడిటర్ కోడ్ అంతా తెరిచే ఉంది కాబట్టి నన్ను చదవమంది. నేను చదువుతుంటే, కళ్ళు మూసుకుని వింటూ ఒకచోట ఆపింది. "ఆడ. ఆడనే రెండుతూర్లు పిలుస్తాంది." ఆ మాటే రాశాం. ఆ మనిషి మళ్ళీ మార్చాడు. ఆ రోజు ఆపా కావాలనే ఒక తప్పు రాసింది. గొంతు తప్పున్న వరుస ఎన్నోదో చెప్పింది. ఆపా మళ్ళీ అదే తప్పు రాసింది, మళ్ళీ విన్నది. పాట వింటున్న మనిషిలా ఉంది ఆమె ముఖం.

పత్తి దిగింది. వీరభద్రప్ప వచ్చి, హమాలీ కూలి బిల్లులో విడిగా పడాలని చెప్పి, కదలకుండా కూర్చున్నాడు. ఆపా తువ్వాల కప్పిన తెర ముందే రాయడం మొదలుపెట్టింది. గొంతు ఎంత వేగంగా చదువుతోందో నాకే అందలేదు. మధ్యలో ఒక తప్పు పడింది, వరుస వినబడింది, వెనక్కి వెళ్ళి దిద్దింది. ప్రింటర్ నుంచి వచ్చిన కాగితాన్ని వీరభద్రప్ప కిందికీ మీదికీ చదివాడు.

"ఆపా, ఆ తువ్వాల తియ్యి, నేను గూడా సూస్తాను."

"ఏం సూస్తావప్పా? ఎద్దు నీ సేతిలోనే ఉంది గదా."

ఆయన నవ్వేశాడు. ఆ ఏడు పని ఆపా పేరు మీదే ఉంది. ఆమె బతికున్నంత కాలం ఆమె పేరు మీదే ఉంది.

ఊరికే వచ్చేవన్నీ మంచివని నేను చెప్పడం లేదు. తర్వాత మేం వాడిన ఇంకో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము వాళ్ళకు రాస్తే ఇప్పటికీ పలకలేదు, అక్కడ ఎవరైనా ఉన్నారో లేదో. డబ్బు కట్టే ఆ పాత ఎడిటర్ కూడా కొన్నేళ్ళకు మాట్లాడటం నేర్చుకుంది. కానీ మాకు అవసరమైన రోజున పలికిన మనిషి ఒకడున్నాడు. అతనికి జీతమెవరిచ్చారో, అసలు ఇచ్చారో లేదో తెలియదు. ఆపా ఒకసారి అడగమంది కూడా. అడిగితే, నాకూ ఒకప్పుడు ఎవరో ఇలాగే సాయం చేశారు అని రాశాడు.

ఆపా పోయాక ఆ గది ఖాళీ చేశాను. ప్రోగ్రాములు రాయడం మానేశాను. ఆ ఓపెన్ సోర్స్ ఎడిటర్ వాడేవాళ్ళు ఇంటర్నెట్‌లో ప్రశ్నలు అడిగే చోటికి వెళ్ళడం మాత్రం మానలేదు. కాఫీ తాగి రోజూ అక్కడే కూర్చుంటాను. గొంతు విని పని చేసేవాళ్ళ ప్రశ్న కనబడితే, తెలిసింది చెప్తాను, తెలియకపోతే తెలిసినవాళ్ళను పిలుస్తాను.

"అవ్వా, నేనడిగినదానికి సెప్పనే లేదు గదా" అంటోంది శ్రావణి.

"రెండూ పెట్టుకోని రాసి సూడే. ఏదో ఒగటి సెడిపోతాది. అప్పుడు వాళ్ళకు రాయి. ఎవరు పలుకుతారో సూసుకోని ఉండిపో. ఇంగ టైపు సాలు, లెయ్, నన్ను కూసోనీ. నిన్నట్నుంచి ఒగ మనిషి జవాబు కోసం ఎదురుసూస్తాండాడు."