తెగిన పోగు

సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, ముప్పై ఏళ్లు బట్ట నేసిన సిద్దిరాములు, అవి బందయ్యాక కరీంనగర్‌లో మహిమ నడిపే ఫోటో స్టూడియోలో ఎడిటింగ్ నేర్చుకుంటున్నాడు. కంప్యూటర్ ముందు కుర్చీ ఉన్నా కూర్చోడు. సాంచె ముందు నిలబడ్డట్టే నిలబడతాడు. ఏ ఫోటో తెరిచినా, నేసిన బట్టలో తెగిన పోగు వెతికినట్టే, ముందు బొటనవేలితో తెరను తడిమి చూస్తాడు. ఆ వేలిముద్రలు తుడవడం మహిమకు అలవాటైపోయింది. ఇవాళ పెళ్లి సంబంధానికి పంపాల్సిన ఒక పిల్ల ఫోటో ఇచ్చి, "తప్పులున్నకాడ సాఫ్ చెయ్యి కాకా" అని చెప్పి ఆమె బయటికి వెళ్లింది. గంట తర్వాత వచ్చి చూస్తే పిల్ల చెంప మీది పుట్టుమచ్చ అట్లాగే ఉంది. చీర అంచులో తెగిన పోగును మాత్రం, పక్క పోగు రంగు తెచ్చి, అతుకు తెలియకుండా కలిపి పెట్టాడు.

"చీరనెవరు చూస్తరు కాకా? మచ్చ తియ్యాలె గదా!"

సిద్దిరాములుకు ఏమీ అర్థం కాలేదు. "పోగు తెగితే తప్పు బిడ్డా. మచ్చ పుట్టుకతోని వచ్చింది. అదెట్ల తప్పయితది?"

మహిమ నవ్వి, ఒక్క నొక్కుతో మచ్చ తీసేసింది. అతను ముందుకు వంగి, నున్నటి ఆ చెంప మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తడిమాడు.

"గీడ పోగు పోయింది బిడ్డా" అన్నాడు.