కోసిన వెండి ముక్క

మా మరిది నన్ను దొంగ అన్నాడు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా వింటుండగా అన్నాడు. అందుకే చెబుతున్నాను. రాసుకోవడానికని వచ్చావు గదా, ఉన్నది ఉన్నట్టు రాసుకో, మెత్తగా మార్చకు.

నా మొగుడు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ పనివాడు. ఆదివారం వస్తే ఇంట్లో ఉండేవాడు కాదు, విరుదునగర్ బస్సెక్కేవాడు. అక్కడ వెండి కరిగించే అంగడిలో పాత కడియాలు, వంగిన మొలతాళ్ళు మూసలో పడకముందే వాటిలో వెతికి, తెగిన నాణేల ముక్కలు ఏరుకొచ్చేవాడు. తెల్లదొరల కాలంలో ఎక్కడో సముద్రం మధ్య దీవుల్లో చిల్లర కరువైతే, పెద్ద వెండి నాణేన్ని ఉలితో కోసి, ముక్క ముక్కకీ తమ ముద్ర కొట్టి చెలామణి చేశారట. ఓడెక్కి కూలికి పోయిన మనవాళ్ళు కొందరు వాటిని కొంగున కట్టుకొని తిరిగొచ్చారట. ఇదంతా ఆయన చెప్పిందే. కొరికిన అప్పడంలాంటి ముక్క తెచ్చి మురిసే మగవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

వాటిలో ఒకటి మూడు మూలల ముక్క, మధ్యలో పువ్వులాంటి ముద్ర. అన్నం తిన్నాక దాన్ని బొటనవేలితో తడిమి పెట్టెలో పెట్టేవాడు. నన్ను అంత నెమ్మదిగా ఏనాడూ తాకలేదు.

ఆయన పోయాడు. పీనుగు నుదుట నాణెం అంటించడం మాలో ఆచారం. మా మరిది జేబులో చెయ్యి పెట్టి, మళ్ళీ వెనక్కి తీశాడు. అన్న పెట్టె తెరిచి ఆ మూడు మూలల ముక్క తీశాడు.

“మంచి రూపాయి ఎందుకు కాల్చేది? చెల్లని ముక్క ఇదుండాది, చాల్లే,” అంటూ చందనం పూసి అంటించాడు.

నేను చూశాను. ఆపలేదు. వాడి పిసినారితనం పుణ్యమా అని ఆయనకు ఇష్టమైనదే ఆయనతో పోతోంది. మసానానికి ఆడవాళ్ళు పోకూడదు, వీధి మొదట్లోనే నన్ను ఆపేశారు.

కర్మాంతరం కాగానే మరిది విరుదునగర్ నుంచి ఒక నాణేల వ్యాపారిని వెంటబెట్టుకొచ్చాడు. నన్నొక మాట అడగలేదు. వ్యాపారి ముక్కలన్నీ చాప మీద పరిచి, భూతద్దంతో చూసి పెదవి విరిచాడు. తర్వాత ఫోన్‌లో ఒక ఫోటో చూపించి అరవంలో అడిగాడు. మీ అన్న నాకు చూపించిన పువ్వు ముద్ర ముక్క ఏది, అది లేకుంటే ఈ పెట్టె నాకొద్దు అని.

మరిది ఫోటో వైపు సరిగ్గా చూడనైనా లేదు. నా మీదికి తిరిగాడు.

“ఏమి వదినా, యాడ దాచినావు?”

“నేనేమి దాచేది? ఇల్లుండాది, వెతుకు.”

వెతికాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. నా చీరలు దులిపాడు. ఏమీ దొరక్క వీధి కుళాయి దగ్గరికి పోయి అరిచాడు.

“అన్న సచ్చి తడి ఆరలా, అప్పుడే దొంగతనం నేర్చింది ఈమె!”

“ఎవరు దొంగో నిదానంగా తేల్చుకో అబ్బయ్యా, ముందు నా బిందె కాడినుంచి జరుగు,” అంది ఎదురింటి అవ్వ.

అందరూ నవ్వారు. నేను గడప దాటి బయటికొచ్చాను, నా వెనకే ఫోన్ పట్టుకొని వ్యాపారి వచ్చాడు.

“మరిదీ, ఆ ఫోన్లో పటం బాగా సూడు. మీ అన్న నుదుట చందనం పూసి ఏమి అంటించినావు?”

చూశాడు. వ్యాపారికి అర్థం కాకపోతే నేనే అరవంలో చెప్పాను. అతను భూతద్దం జేబులో వేసుకొని బస్టాండు దారి పట్టాడు.

కాసేపటికి మరిది గొంతు తగ్గించి వచ్చాడు.

“వదినా, జల్లెడ ఉంటే ఇయ్యి. మసానంలో బూడిద ఇంకా కొంచెం ఉండాది.”

“దాంట్లో నేను తినే పిండి జల్లిస్తా. నీకియ్యను. సేత్తో వెతుక్కో.”

పోయాడు. ఎండ నడినెత్తికొచ్చాక మోచేతుల దాకా బూడిదతో తిరిగొచ్చాడు, చేతిలో ఏమీ లేదు. నేను ముక్కలన్నీ పెట్టెలో సర్ది, పెట్టె ఒళ్ళో పెట్టుకొని గడపలో కూర్చున్నాను. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు.

కుళాయి వీధిలో ఉంది, నన్ను దొంగ అన్న చోటే కడుక్కో అన్నాను.