పిట్టల కెమెరా, పెళ్ళికూతుళ్ళ కెమెరా

మొన్న కోవూరు నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేశారు. ఎవరో పాత డిజిటల్ కెమెరాలు రెండు అమ్మకానికి పెట్టారట. రెండూ పదిహేనేళ్ళు దాటినవే, ఏది తీసుకోమంటారు అని అడిగారు. మోడళ్ళు చెప్పగానే నవ్వొచ్చింది. ఒకటి నా దగ్గరున్నదే, రెండోది మా అన్న వాడింది. "మీరు ఏం తీస్తారమ్మా?" అన్నాను. "అన్నీ తీస్తానండీ," అన్నారు. "అన్నీ తీసే కెమెరా ఇంకా పుట్టలేదమ్మా," అని కాస్త విసురుగానే అనేశాను. పాపం, ఏమనుకున్నారో ఏమో. కానీ ఆ రెండు కెమెరాల సంగతి ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. వాటి మీద మేమిద్దరం పదేళ్ళ పైచిలుకు పోట్లాడుకున్నాం.

అన్న అంటే సొంత అన్న కాదు. బుచ్చిరెడ్డిపాలెంలో మా ఇద్దరికీ కలిపి ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఆయనది పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం. మాది కొడవలూరులో వరి పండించే ఇల్లు. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు. స్టూడియోలో అడుగుపెట్టిన మొదటి రోజు అన్నా అన్నాను, ఇప్పటికీ అదే పిలుపు. ఆయన భార్యను వదినా అంటాను. వాళ్ళకు ఒక్కతే కూతురు. మేమంతా పాప అంటాం, తను నన్ను చిన్నాయనా అని పిలుస్తుంది.

లోపలి పని ఆయనది, బయటి పని నాది. పెళ్ళికూతుళ్ళు, పసిపిల్లలు, ముసలి దంపతులు, అందరూ ఆయన ముందు కూర్చునేవాళ్ళు. కబడ్డీ పోటీలు, ఎడ్ల పందేలు, మైపాడు తీరంలో అలలు దాటే పడవలు నా వంతు. పని లేని రోజుల్లో తెల్లారకముందే పొలాల మీద పడి కొంగలను తీసేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు అన్నం పెట్టింది కబడ్డీ, నేను ప్రాణం పెట్టింది మాత్రం పిట్టల మీద.

ఫిల్ము రోజులు పోయి డిజిటల్ వచ్చాక ఇద్దరం ఒకే ఏడాది కెమెరాలు కొన్నాం. నాది పరుగుల కెమెరా. సెకనుకు ఎనిమిది ఫోటోలు తీసేది. నారుమడిలోంచి కొంగ రెక్క విప్పిందంటే చాలు, దాని కన్ను పట్టుకుని వదిలేది కాదు. దాని జబ్బు ఒక్కటే, మనుషుల రంగు. ఎవరిని తీసినా చెంపలు ఎర్రబడేవి. వెలుతురు తగ్గితే ఫోటో అంతా నలుసులు తేలేవి.

అన్న కెమెరాలో సెన్సర్ పెద్దది. సెన్సర్ అంటే ఫిల్ము స్థానంలో కూర్చున్న పలక అనుకోండి. అది పెద్దది కాబట్టి కిటికీ వెలుతురు చాలు, మనిషి ఒంటి రంగు ఉన్నదున్నట్టు వచ్చేది. ఆయన వాడే లెన్సు ముఖాన్ని మాత్రం ముందుకు తెచ్చి, వెనకున్న గోడనూ తలుపునూ మెత్తగా కరిగించేది. కానీ అబ్బ, ఎంత నిదానమో! ఫోకస్ కోసం లెన్సు ముందుకీ వెనక్కీ తిరుగుతూ వెతుక్కునేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

"నీది కెమెరా కాదన్నా, ఎద్దుల బండి. అది ఫోకస్ పట్టేలోపు పెళ్ళికూతురికి బిడ్డలు పుడతారు," అనేవాణ్ణి.

"నీదేందిరా, కుట్టుమిషనా? టకటకటక కొట్టేసి అందులో ఒకటి ఏరుకునేదీ ఒక పనేనా? మనిషిని మాట్లాడించి, అదును చూసి ఒక్కటి కొట్టాల. అది ఫోటో," అనేవాడు ఆయన.

ఒకసారి పౌరుషానికి పోయి వారం రోజులు కెమెరాలు మార్చుకున్నాం. నేను ఆయనది పట్టుకుని కబడ్డీకి వెళ్ళాను. ఒక్క పట్టూ దొరకలేదు. అన్నీ అయిపోయాక లేచిన దుమ్ము, ఎవరివో కాళ్ళు. ఆయన నాది పట్టుకుని పెళ్ళికి వెళ్ళి తొమ్మిది వందల ఫోటోలతో వచ్చాడు. పెళ్ళివాళ్ళంతా మిట్టమధ్యాహ్నం కోతలు కోసి వచ్చినట్టు ఎర్రగా ఉన్నారు. ఒకరి ఫోటోలు ఒకరం చూసుకుని కడుపు పట్టుకుని నవ్వాం. వదిన టీ తెచ్చి, మా వాలకం చూసి తనూ నవ్వింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

తర్వాత కొన్నేళ్ళకు అన్న కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట టీ గ్లాసు తొణికేది. ఆయనేమో గ్లాసు వేడిగా ఉందనేవాడు. నెల్లూరు తీసుకెళ్తే నరాల జబ్బన్నారు, మందులిచ్చారు. వణుకు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చింది. తీసినవన్నీ ఊగిపోతుంటే ఆయనకే అర్థమై కెమెరా పక్కన పెట్టేశాడు. కౌంటర్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు. పెళ్ళికూతుళ్ళను కూడా నేనే తీయాల్సి వచ్చింది. ఆయన ఒక్క మాట అనేవాడు కాదు. అదే నాకు భరించలేనట్టు ఉండేది, తిట్టినా బాగుండేది.

ఆ సమయంలోనే పాప పెళ్ళి కుదిరింది. కబురు చెప్పిన నోటితోనే అన్నాడు: "నిఖా రోజు పాప ఫోటో నేనే తీస్తా. అదొక్కటి తీసి ఇంగ కెమెరా ముట్టను. నువ్వు అడ్డం రాబాక."

అడ్డం రాకుండా ఎట్లా ఉంటాను? ఊళ్ళో అందరి పెళ్ళికూతుళ్ళనూ తీసిన చెయ్యి. సొంత కూతురి ఫోటో పాడైతే ఆయన ఏమైపోతాడో అని నాకు నిద్ర పట్టలేదు. నెల ముందు నుంచి వదినను వసారాలో కూర్చోబెట్టి తీసి చూసుకునేవాడు. అన్నీ ఊగినవే. స్టాండు మీద పెడదామన్నాను. "మొహం ఎటు కదిలితే అటు నేనూ కదలాలిరా. స్టాండేసి తీయడానికి పాపేమన్నా అంగట్లో బొమ్మా?" అన్నాడు. షట్టర్ వేగం పెంచుదాం, వణుకు తెలియదు అన్నాను. ఆ వసారా వెలుతురులో వేగం పెంచితే నలుసులొస్తాయి, పాప మొహాన ఇసక చల్లినట్టుంటాది, వద్దన్నాడు. చివరికి నా కెమెరా తీసుకోమన్నాను. సెకనుకు ఎనిమిది కొడితే వణుకు సందులో ఒకటైనా నిలబడుతుందని బతిమాలాను.

అంతే, ఇంతెత్తున లేచాడు. "ఎనిమిదిట్లో ఒకటి ఏరుకునేదానికి నా బిడ్డేమన్నా శెనక్కాయలా? గమ్మున ఉండు!"

నిఖా రోజు ఉదయం పాప ఎర్ర పట్టుచీర కట్టుకుని, చేతుల నిండా గోరింటాకుతో వచ్చి వసారాలో కూర్చుంది. అన్న ఎదురుగా స్టూలు వేసుకున్నాడు. ఆయనకు ఒక అడుగు కుడి పక్కన నేను నిలబడ్డాను. "జడా, నగలూ పక్క నుంచి తీసుకుంటానన్నా," అని ముందే అడిగి ఉన్నాను. "తీసుకో, ఆ కుట్టుమిషను మోత మాత్రం వద్దు," అన్నాడు. ఒక్కొక్కటే పడేట్టు మార్చుకున్నాను. కానీ నేను జడ తీయలేదు, నగలూ తీయలేదు. అన్న వేలు బటన్ మీద పడిన ప్రతిసారీ నేనూ పాప ముఖమే కొట్టాను.

ఆయన ఎప్పట్లాగే మాట్లాడుతూ తీశాడు. చిన్నప్పుడు స్టూడియో తెర వెనక నిద్రపోతే ఊరంతా వెతికిన సంగతి చెప్పాడు. పాప నవ్వింది. నవ్వు అయిపోయి ముఖం సర్దుకుంటున్నప్పుడు ఠప్పుమని ఒకటి. అలా ఐదు తీసి, వెనకున్న చిన్న తెరలో చూసుకున్నాడు. పాత కెమెరా తెర అగ్గిపెట్టెంత ఉంటుంది, దాంట్లో ఏ ఫోటో అయినా నిక్షేపంలా కనిపిస్తుంది. "వచ్చిందిరా! వచ్చేసింది పో!" అని నా భుజం చరిచాడు. ఆయన్ను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో.

రెండు రోజుల తర్వాత స్టూడియోలో ఒక్కణ్ణే కంప్యూటర్లో అన్న కెమెరా కార్డు తెరిచాను. ఐదూ ఊగిపోయాయి. నాలుగోది కాస్త నయం, అందులోనూ ముఖం అంచులు రెండుగా పడ్డాయి, ముక్కుపుడక మెరుపు గీతలా సాగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. "వచ్చిందిరా" అన్న ఆ గొంతు చెవిలోంచి పోవడం లేదు. పోయి ఆయనతో ఏమని చెప్పను?

చెప్పలేదు. నేను తీసిన వాటిలో ఒకటి తీసుకున్నాను. రెండు రోజులు స్టూడియో తలుపు దగ్గరగా వేసి దాని మీదే కూర్చున్నాను. చెంపల ఎరుపు తగ్గించి, అన్న కెమెరాలో వచ్చే ఆ గోధుమ రంగు తెప్పించాను. వెనక గోడను ఆయన లెన్సు కరిగించినట్టే కరిగించాను. రెండు కెమెరాల గుట్టూ తెలిసినవాణ్ణి కాబట్టి, ఏది ఎవరిదో ఇక దేవుడు కూడా చెప్పలేడనుకున్నాను. పెద్ద సైజులో ప్రింటు వేసి ఫ్రేము కట్టించాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు సరిగదా, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పాప అత్తారింటి నుంచి వచ్చిన రోజు ఫ్రేము తీసుకుని వెళ్ళాను. వదిన చూసి కళ్ళు తుడుచుకుంది. "చెయ్యి వణికినా పని వణకలా ఆయనకు," అంది. అన్న ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బాగుండాది," అన్నాడు. నేను గట్టెక్కాననుకుని హాయిగా బిర్యానీ తిని వచ్చాను.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"నా కార్డు పెట్టు."

"ఎందుకన్నా? ప్రింటు ఇచ్చాను కదా."

"అది నేను తీసింది కాదు."

అయినా బొంకాను. "ఎట్టా అంటావన్నా? ఆ రంగు చూడు. నా కెమెరాలో ఆ రంగు వస్తుందా?"

"రంగు బలే కుదిర్చినావు. గోడ కూడా బలే కుదిర్చినావు. నేను రంగు గురించి అడగలా," అని నా కంప్యూటర్లో ఉన్న ఆ ఫోటో మీద వణికే వేలు పెట్టాడు. "పాప యాడ చూస్తా ఉండాది?"

చూశాను. రెప్పల మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, కన్ను అంత స్పష్టంగా ఉంది. కానీ ఆ కళ్ళు ఫోటో చూసేవాళ్ళ వైపు లేవు. ఒక అడుగు పక్కకు ఉన్నాయి. నా ఎడమ పక్క స్టూలు మీద కూర్చున్న మనిషి మీద ఉన్నాయి.

"నన్నే గదా చూస్తా ఉండేది. మరి నా ఫోటోలో నన్ను గాకుండా పక్కన ఎవర్ని చూస్తాదిరా?" అన్నాడు.

తల తీసేసినట్టయింది. ఇన్నేళ్ళూ పిట్టలను తీశాను. కన్ను స్పష్టంగా పడిందా లేదా అన్నదొక్కటే చూసుకునేవాణ్ణి. కొంగ ఎటు చూస్తే నాకేం? ఏ పిట్టా నన్ను చూడలేదు, చూడాలని నేనూ అనుకోలేదు. పాప ఫోటో రెండు రోజులు దిద్దుతూ కూడా ఆ కళ్ళలో స్పష్టతే చూశాను, చూపు చూడలేదు. సిగ్గేసింది. "తప్పయిందన్నా, నీ మనసు కష్టపడుతుందని..." అని ఏదో గొణిగాను.

"తెలుసులేరా," అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఇంకా బాధగా అనిపించింది. "నా కార్డు పెట్టు."

పెట్టాను. ఐదూ ఒకటొకటిగా చూశాడు. అన్నీ ఊగాయని ఆయనకు అప్పుడే తెలిసింది. ముఖంలో రంగు మారింది, నేను తల తిప్పుకున్నాను. నాలుగోదాని దగ్గర ఆగమన్నాడు. మసక ముఖం, రెండుగా పడిన అంచులు. ఆ మసకలోంచి పాప తిన్నగా చూస్తోంది. ఆ ఫోటో ముందు ఎవరు కూర్చున్నా వాళ్ళనే చూస్తున్నట్టుంటుంది.

"ఇది వెయ్ ప్రింటు. అంతే సైజు," అన్నాడు.

"ఊగిందన్నా."

"ఊగింది నా చెయ్యి. నా బిడ్డ చూపు ఊగలా."

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన పక్కనే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, "ఏడ్చింది చాలు, మిషను ఆన్ చెయ్," అన్నాడు. రంగు ముట్టుకోకుండా, ఏదీ దిద్దకుండా ఉన్నదున్నట్టు ప్రింటు వేశాను. ఆ తర్వాత ఆయన చెప్పినట్టే మళ్ళీ కెమెరా పట్టలేదు.

పాప ఇప్పుడు కావలిలో ఉంటుంది. ఆ మసక ఫోటో వాళ్ళ ముందు గదిలో ఉంది. ఇంటికి వచ్చినవాళ్ళు, ఇదేందమ్మా ఇట్టా ఊగిపోయింది, తీసినవాడికి పని రాదా ఏంది అని అడుగుతుంటారట. "మా నాయన తీసినాడు," అని చెప్పి ఊరుకుంటుందట.