సర్వే సారు కూర్చున్న కుర్చీ

శ్రావణంలో రెండో మంగళవారం, పొద్దున పదింబావు. అశోక్‌నగర్‌లో మేముండే రేకుల గదుల వరుసకు సర్వే సారు వచ్చింది అప్పుడు.

ఓనరు ఆ వరుస పడగొట్టి, పరీక్షలకు చదివేవాళ్లకు హాస్టల్ కడతానన్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నాడు. ఇలా రోడ్డున పడే కిరాయిదారులకు సర్కారు నిధులొచ్చాయని, గదులిస్తున్నారని విని అందరం దరఖాస్తు పెట్టాం. నాకు అంబర్‌పేట్‌లో కూతురిల్లు ఉంది. అల్లుడి తిండి తినడం ఇష్టం లేక పెట్టాను. పక్క గదిలో ఆమెకు మొగుడు లేడు, ఇద్దరు ఆడపిల్లలు. నారాయణగూడలో అంట్లు తోముతుంది. ఎక్కడా పోవడానికి లేదు.

మా పాలమూరు వైపు ఒకరింటికి పెద్దమనిషి వస్తే పక్కింటి మంచం, చెంబు అక్కడికి నడుస్తాయి. సారు మొదట ఆమె గదికే వస్తాడని తెలిసి వెళ్లి చూశాను. ఒక చాప, ఒక స్టవ్వు.

"సర్కారు మనిషొస్తుండు, చాప మీద కూసోబెడ్తవా? సిగ్గులేదానే?"

"నా దగ్గరేముంది పెద్దమ్మా?"

"నా దగ్గరున్నయ్ గద. పట్టు."

నా కుర్చీలు, కూలరు, టీవీ అన్నీ అందులోకి చేరాయి. ఎదురు గది మేస్త్రీ, అతని భార్య తలా ఒక చేయి వేశారు.

సారు కుర్చీలో కూర్చుని, చల్లగాలికి చాయ్ తాగి, ఫోన్లో గది ఫోటో తీశాడు.

"మంచిగనే ఉన్నవ్ గదమ్మా. నీకేం తక్కువ?"

మెచ్చుకున్నాడనుకుని ఆమె మురిసిపోయింది. "మీ దయ సార్" అంది.

తర్వాత నా గదికి వచ్చాడు. గోడకు మేకులు తప్ప ఏమీ లేవు. జాలిగా చూసి ఫోటో తీశాడు. అప్పుడు ఆమెకు వెలిగింది. గుమ్మంలోంచి అరిచింది.

"సార్, ఆ సామాన్లన్నీ పెద్దమ్మయి! చెప్పు పెద్దమ్మా!"

సారు నా వైపు తిరిగాడు. "నిజమా అవ్వా?"

"నాకు కుర్సీలుంటే నేల మీదెందుకు కూసుంట సార్? దానికి గది గావాలె, ఏదన్న మాట్లాడ్తది."

సారు నవ్వి రాసుకున్నాడు. మేస్త్రీ చెప్పులు చూసుకున్నాడు. అతనిదీ దరఖాస్తు ఉంది మరి.

సాయంత్రం కూలరు వెనక్కి తెచ్చుకున్నాను. బరువు కదా, రెండో వైపు ఆమే పట్టింది.

రెండు వారాలకు వార్డు ఆఫీసు గోడకు జాబితా అంటించారు. నేను అరవై దాటాక చిక్కడపల్లిలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఆమెకు చదువు రాదు. చదవమని నన్నే అడిగింది.

"నాది ఉన్నదా?"

"లేదు."

"నీది?"

"ఉన్నది."

నెలాఖరున పిల్లల్ని, చాపను, స్టవ్వును ఆటోలో వేసుకుని పోయింది. ఎక్కడికని నేను అడగలేదు.

ఆ మంగళవారం అక్కడున్నవాళ్లు వీళ్లు: సర్వే సారు, గేటు దగ్గర నిలబడి అంతా విన్న ఓనరు, మేస్త్రీ, మేస్త్రీ భార్య, ఆమె, ఆమె పెద్దపిల్ల, ఆమె చిన్నపిల్ల, నేను.