జనగామ లైన్‌లో అక్క గొంతు

మొన్న పొద్దున మహబూబాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీకి కూర్చుని, కేసముద్రం పత్తి వ్యాపారి ఒకాయనకు హైదరాబాద్ లైన్ కావాలంటే, ఎప్పటిలాగే దారిలోని జనగామ ఎక్స్ఛేంజిని పిలిచాను. మగగొంతు పలికింది. "అక్క లేదా?" అన్నాను. "ఏ అక్క?" అని, అంతలోనే గుర్తుపట్టి, "ఆమె ఇగ లేదమ్మా. నిన్న దవాఖానల పానం ఇడిసింది," అన్నాడు. అవతల పత్తి వ్యాపారి "హలో, హలో" అని అరుస్తూనే ఉన్నాడు. ఆయనకు లైన్ కలిపి, హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను.

ట్రంక్ కాల్ కోసం మా ఎక్స్ఛేంజి మెట్ల మీద పడిగాపులు కాసినవాళ్లు మీలో ఉంటే, ఆమె గొంతు మీరూ వినే ఉంటారు. "నంబరు చెప్పండి" అని రేడియోలో లాగా పలికే ఆవిడే. ఆ గొంతు మీకోసం. మాకోసం ఇంకొకటి ఉండేది. లైన్ ఖాళీ కాగానే "మానుకోట పిల్లా, ఏం కూర నీది?" అని అదే నోరు వేరే మనిషిలా మాట్లాడేది. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోటే అంటాం. ఆపరేటర్లకు పేర్లుండవు, ఊళ్లే పేర్లు. నాకు ఆమె జనగామ అక్క, అంతే.

ఇన్నేళ్లలో ఆమె ముఖం నేను చూడలేదు. రైలెక్కితే పూటలో పోయి రావచ్చు. ఒకసారి వస్తానంటే, "వద్దు పిల్లా, మొఖాలు సూసుకుంటే సిగ్గయితది. గిట్లనే మంచిగున్నది," అంది. నిజమే కాబోలు. ఎదురుగా కూర్చుంటే చెప్పుకోలేని ముచ్చట్లన్నీ ఆ తీగ మీద చెప్పుకున్నాం. అత్తల సంగతులు, ఆయనల సంగతులు, చీరల రంగు పోవడం, పిల్లల దగ్గు.

ఆమెకు ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. అడగక్కర్లేదు. ఉప్మాలో జీడిపప్పు వేసేవాళ్లను నమ్మొద్దనేది. మా ధాన్యం వ్యాపారి ఒకాయన ఫోన్‌లో గొంతు చించుకుంటుంటే, "గాయన గంతగనం ఒర్రుతుంటే ఫోనెందుకు, కిటికీ తెరిస్తే సాలు," అనేది. కోస్తా నుంచి వచ్చిన సూపర్‌వైజరు ఒకాయన భాష మార్చుకోమంటే, ఆయన ముందు తలూపి, లైన్ మీదికొచ్చి మండిపడింది: "సినిమాల మన లెక్క మాట్లాడేటోడు ఎన్నడన్న హీరో అయిండా? అయితే నౌకరు, లేకుంటే రౌడీ. గీ సారు గూడ సినిమాలు జర ఎక్కువ సూసిండు."

నాది పుట్టుకతోనే భయపడే గుణం. బడి వదిలి పిల్లలు రావడం కాస్త ఆలస్యమైతే వీధి చివరిదాకా పరుగెత్తుతాను. "పరేషాన్ అయినందుకు నీకు సర్కారు జీతమిస్తున్నదా?" అని తిట్టేది. ఆ తిట్టు వింటే ఊపిరి ఆడేది. ఇప్పుడెవరు తిడతారో తెలియడం లేదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నాటి ఒక పూట గురించి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మా తమ్ముడు హైదరాబాద్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. పట్నంలో కాల్పులు జరిగాయని, విద్యార్థులు పడిపోయారని ఊరంతా అంటున్నారు. వాడి నుంచి కబురు లేదు. అవ్వ, అంటే మా అమ్మ, తిండి మానేసి వచ్చి ఎక్స్ఛేంజి గుమ్మం దగ్గర నిలబడింది.

పట్నం లైన్ దొరకడమే గగనమైన రోజు. జనగామ అక్క ఎవరిని బతిమాలిందో, హాస్టల్ ఫోన్ కలిపింది. అక్కడి వాచ్‌మన్ ఎత్తి, పిల్లవాడి పేరు అడిగి, "చూసొస్తా, ఉండండి" అని రిసీవర్ పక్కన పెట్టి పోయాడు. అప్పుడు జనగామ అక్క చిన్నగా చెప్పింది: "పిల్లా, మాట్లాడుతనే ఉండు. పట్నపామె నడుమ నడుమ ఇంటది. సప్పుడు లేకుంటే ఖాళీ అనుకొని లైన్ పీకుతది. మల్ల దొరకది."

ఏం మాట్లాడను? ఆమే మొదలుపెట్టింది. "పచ్చిపులుసుల ఉల్లిగడ్డ ఎట్ల కోస్తవే?" సన్నగా అన్నాను. "నలిపి ఏస్తవా, గట్లనే ఏస్తవా?" నలిపే అన్నాను. తర్వాత వాళ్లత్త పట్టుచీర మేక నమిలిన కథ ఎత్తుకుంది. మధ్యలో టక్కుమని పట్నం ఆపరేటరు వచ్చి, "మాట్లాడుతున్నారా?" అంది. "మాట్లాడుతున్నాం," అంది అక్క, రేడియో గొంతుతో. "ఇక్కడ ఊరు తగలబడుతుంటే మేక ముచ్చట్లా?" అని విసుక్కుంది ఆ పట్నపామె. అయినా పీకలేదు.

వాచ్‌మన్ రాలేదు. మేక కథ అయిపోయింది. గుమ్మంలో అవ్వ నా ముఖమే చూస్తోంది. "అక్కా, ఇగ నాతోని కాదు," అన్నాను. ఆమె గొంతు కూడా వణుకుతోందని అప్పుడు తెలిసింది. "కాకుంటే నన్ను తిట్టు. తిట్టుడు గూడ మాటనే."

తిట్టాను. నీ మేక పాడుగాను, నీ పులుసు పాడుగాను, నా తమ్ముని పానం పోతుంటే నీకు చీరలు కావాల్నా అని, ఏడుస్తూ, తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఆమె "ఇంకా, ఇంకా" అంటూనే ఉంది.

"ఎవల్ని తిడుతున్నవే అక్కా?"

లోకంలో నన్ను అక్కా అని పిలిచేవాడు ఒక్కడే. హెడ్‌సెట్‌ను చెవికి అదుముకున్నాను. పట్నం ఆపరేటరు వచ్చి "మాట్లాడుతున్నారా?" అంది, మళ్లీ అడిగింది. జనగామ అక్కా నేనూ ఇద్దరమూ పలకలేకపోయాం. తమ్ముడు ఇంకో మాట అనేలోపే లైన్ పీకేసింది.

అవ్వ వైపు తిరిగి, వాడు ఉన్నాడన్నట్టు తలూపాను. ఆమె గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి జనగామ బజర్ మోగింది. ఎత్తాను. అవతల జనగామ అక్క వెక్కివెక్కి ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. చాలాసేపు ఒక్క మాటా లేకుండా ఆ లైన్ అలాగే ఉంది. దాన్ని ఎవరూ పీకలేదు.