వాట్‌గంజ్ మంచుగదిలో పదిహేను నిమిషాలు

ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలో గ్యాస్ తవ్వే రిగ్గు మీద నాకు భద్రతా పర్యవేక్షకుడి ఉద్యోగం వచ్చింది. మూడోరోజు సాయంత్రంలోగా వస్తానో రానో చెప్పాలి. కాకినాడ ఎండలో పనిచేసినవాణ్ణి, చలంటే నాకు ఫ్రిజ్ తలుపు తీయడమే. అందుకే అలాంటి రిగ్గు మీద రెండు శీతకాలాలు గడిపొచ్చిన సింహాచలం గారిని వెతుక్కుంటూ కోల్‌కతా వెళ్లాను.

ఎస్‌ప్లనేడ్‌లో ఉదయం తొమ్మిదికి ఖిదిర్‌పూర్ ట్రామెక్కాను. నాలుగు రూపాయల టికెట్, ముప్పావుగంట ప్రయాణం. అక్కడినుంచి ఎర్రజెండాలు కట్టిన రేవు గోడ వెంట నడిస్తే వాట్‌గంజ్. అక్కడ చేపల మంచుగదికి ఆయనే కాపలా. కుడిచేతికి మూడే వేళ్లు.

"ఏటి బాబూ, ఈ స్వెటర్‌తో ధ్రువానికెళ్లిపోతావా?" అని నవ్వి, దూదికోటు, పల్చటి గ్లవ్స్ ఇచ్చారు. "పావుగంట లోపలుండు. నాను అడుగుతుంటాను. ఉన్నదున్నట్టు సెప్పాల."

తలుపు మూసుకుంది. పెట్టెల్లోంచి చేపలన్నీ నన్నే చూస్తున్నాయి. కాసేపటికి గదిని చల్లబరిచే మోటారు ఆగింది. పెట్టెల వెనక ఎవరో నాతోపాటే ఊపిరి తీస్తున్నట్టనిపించింది. ఊపిరి బిగబట్టాను. ఆ చప్పుడు ఒక్క క్షణం ఆలస్యంగా ఆగింది. నిజంగా భయపడ్డాను.

"ఎలాగుంది?" తలుపులోని చిన్న కిటికీలోంచి గొంతు.

"బాగానే ఉంది బాబాయ్."

అప్పటికే వేళ్లు సూదులతో పొడిచినట్టున్నాయి. పెద్దాయన, పని మానుకుని మరీ నాకోసం నిలబడ్డారు, ఇంతకే గోల చేస్తానా? మొహమాటం. రెండోసారి అడిగినప్పుడూ అదే మాట. మూడోసారికి నొప్పి పూర్తిగా పోయి హాయిగా ఉంది. ఈసారి మనస్ఫూర్తిగానే అన్నాను, బాగానే ఉందని.

వెంటనే తలుపు తీసి, నా గ్లవ్ లాగేశారు. వేళ్ల కొసలు సున్నంలా తెల్లబడ్డాయి.

"రుద్దకు. సంకలో ఎట్టుకో," అన్నారు. తర్వాత మెల్లగా, "ఆ రిగ్గు మీద నా జోడీ మల్లేసు కూడా మూడుసార్లు ఇలాగే అన్నాడు. నాలుగోసారి అడిగితే పలకనేదు. ఆణ్ణి మోసుకొచ్చీసరికి నా సేతికి రెండు వేళ్లూ పోయాయి. ఆడు బతకనేదు."

ఆ సాయంత్రం కంపెనీకి ఫోన్ చేసి రాలేనన్నాను. అక్కడ గ్యాస్ లీకును చూపే మీటరు దగ్గర నిలబడి, పై అధికారి అడిగితే "బాగానే ఉంది" అనేవాణ్ణి నేనే. నా మాట నమ్మి కింద నిద్రపోయేవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చలి సంగతి నేర్చుకోవచ్చు. ముందు నా నోటిని బాగుచేసుకోవాలి.

మీరు అలాంటి చోటికి వెళ్తుంటే ఒకటే సలహా. ఎలా ఉందని జోడీ అడిగితే జవాబు చెప్పకండి, వేళ్లు కదిలించి చూపించండి.