జిప్పు వెనక పట్టీ

మా అమ్మాయి పాలు తాగే రోజుల్లో, బజారులో కొన్న నైటీ జిప్పు దాని బుగ్గ మీద గీత పెట్టింది. సన్నని ఎర్రటి గీత. సాయంత్రానికి మాసిపోయింది గానీ నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాడే మా అమ్మ పాత వంకాయరంగు చీర చించి, జిప్పు వెనక ఒక మెత్తటి పట్టీ కుట్టాను. జిప్పు తెరిస్తే ఆ పట్టీ దాని పళ్ళ మీదికి మడత పడుతుంది. పిల్ల బుగ్గకు గుడ్డే తగులుతుంది.

అది చూసి పక్కింటావిడ తన కోడలికి ఒకటి కుట్టమంది. అలా ఎల్బీనగర్‌లో మా కిరాయి ఇంటి ముందుగదిలో, బాలింతలకు నైటీలు కుట్టే నా వ్యాపారం మొదలైంది. అన్నిటికీ పట్టీ మా అమ్మ చీర ముక్కే. మా వీధిలో అందరూ కొన్నారు. రెండేళ్ళకు ఆగిపోయింది. ఒక వీధిలో బాలింతలు ఎంతమంది ఉంటారు?

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. మా ఆయన బస్సు కండక్టరు. బస్సులు ఆగాయి, జీతమూ ఆగింది. ఆయన పొద్దున్నే ధర్నాకు వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేవారు. రాష్ట్రం వస్తుందని ఆయన ధీమా, బియ్యం డబ్బా అడుగు కనపడుతోందని నా భయం.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన దుకాణం. ధైర్యం చేసి ఒక నైటీ తీసుకెళ్ళి చూపించాను. ఆయన తిరగేసి చూశాడు.

"కుట్టు బాగుందమ్మా. మరి ఈ పట్టీ ఎందుకు? దండగ పని. అది తీసేసి ధర తగ్గించు, నెలనెలా తీసుకుంటాను. పైకి కనపడని దానికి డబ్బులెవరిస్తారు చెప్పు?"

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "తీసెయ్. ఏమైతది?" అన్నారు. "నీ బిడ్డకు గుచ్చిందని అందరి పిల్లలకు గుచ్చుతదా? నీకు ఊకె పరేషానే."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నేను భయస్తురాలినే. పట్టీ లేకుండా ఒక నైటీ కుట్టి సంచిలో పెట్టుకున్నాను. మర్నాడు బంద్. "బంద్ అయినా షట్టరు సగం దించి లోపలే ఉంటాను, నడిచి రా" అని దుకాణం పెద్దాయన ఫోన్లో చెప్పాడు. పిల్లను వాళ్ళ నాన్నకు అప్పగించి బయల్దేరాను.

చౌరస్తా దాటి హైవే మీదికి రాగానే కాళ్ళు ఆగిపోయాయి. లారీలు, బస్సుల మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకుని దాటే రోడ్డు అది. ఆ రోజు దాని మీద పిచ్చుకలు గెంతుతున్నాయి. రోడ్డు అంత వెడల్పని నాకు అంతవరకు తెలియదు. కొంచెం ముందు షామియానా వేసి, రోడ్డు మధ్యలోనే రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు ఎక్కించారు. వంటావార్పు. రోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తినడమే నిరసన. డప్పులు, నినాదాలు, పప్పు పొంగు వాసన. ఎక్కడెక్కడి నుంచి వచ్చారో అంతమంది, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ఉల్లిగడ్డలు కోస్తున్నారు.

షామియానా నీడలో ఒకామె నైటీ మీద చున్నీ కప్పుకుని కూర్చుని ఉంది. ఒడిలో పసిపాప. గరిటె తిప్పుతున్న పెద్దామె ఆమెను ఆటపట్టిస్తోంది.

"గిదేందే, నైటీ మీదనే ఉద్యమానికొచ్చినవ్?"

"మరి పాలెట్ల ఇయ్యాలె పెద్దమ్మా? నువ్వు అడిగేది రాష్ట్రం, ఇది అడిగేది పాలు. రెండూ ఆగయ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూ చూశాను. గాలికి చున్నీ అంచు కొంచెం తొలగింది. పాప బుగ్గ కింద వంకాయరంగు గుడ్డ.

మా అమ్మ చీర.

ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నైటీ బాగుంది. యాడ కొన్నవు?" అన్నాను.

"కొన్లే అక్కా. అల్మాస్‌గూడల మా వదిన ఇచ్చింది. ఆమెకు వాళ్ళ పక్కింటి ఆంధ్రామె ఇచ్చిందట. ముగ్గురు పిల్లలు తాగిన్రు దీంట్ల." పట్టీని వేలితో సర్దింది. "ఇంకోటి కొందామంటే యాడ దొరుకుతదో తెల్వది. దుకాణాలల్ల ఉన్నయి గీరుకపోతున్నయ్."

చుట్టూ డప్పుల మోత. ఆ పాప మాత్రం మా అమ్మ చీర ముక్క మీద బుగ్గ ఆనించి, నోరు సగం తెరిచి నిద్రపోతోంది. నా ముందుగదిలో ఆగిపోయిందనుకున్న పని, నన్ను అడగకుండానే ఇల్లు దాటి ఊరు దాటి ఇంతదూరం నడిచిందా! నేనే కుట్టానని చెప్పలేకపోయాను. పెద్దామె పెట్టిన పప్పన్నం తిని లేచాను.

దుకాణం షట్టరు కింద వంగి లోపలికి వెళ్ళగానే పెద్దాయన, "పట్టీ తీసి తెచ్చావా?" అన్నాడు.

"తెచ్చానండీ. కానీ ఇలా కుట్టను." దారిలో చూసినదంతా చెప్పాను.

"ఒక్క నైటీని ముగ్గురు తొడుక్కుంటే నాకేంటమ్మా లాభం?"

"నాలుగో ఆమెకు ఎక్కడ దొరుకుతుందో తెలియట్లేదండీ. మీ దగ్గర ఉంటే వస్తుంది కదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వాడో విసుక్కున్నాడో ఆ చీకట్లో తెలియలేదు. "సరే, పట్టీతోనే ఒక డజను ఇవ్వు. పోకపోతే నువ్వే తీసుకెళ్ళాలి సుమా."

ఇంటికి వచ్చేసరికి మా ఆయన పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమన్నడు?"

"పట్టీ ఉంటుంది. డజను కావాలట."

"డజనా! మరి అంత మెత్తటి గుడ్డ యాడికెళ్ళి తెస్తవ్? మీ అమ్మ చీర అయిపాయె గదా" అన్నారు.

ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ సాయంత్రమే ఆయన వీధంతా తిరిగి పాత చీరలు అడిగి తెచ్చారు. ఎవరి అత్తగారివో, ఎవరి అమ్మమ్మవో, ఉతికి ఉతికి వెన్నలా అయినవి. ఆ డజను మిగల్లేదు. ఆ తర్వాత డజనూ మిగల్లేదు.

ఇప్పుడు ఇద్దరూ నిద్రపోయారు. ఆయనా, అమ్మాయీ. మిషను పక్కన కలరా ఉండల వాసనతో చీరల కుప్ప ఉంది. ఇందులో ఏ ముక్క ఏ ఊళ్ళో ఏ బుగ్గ కిందికి చేరుతుందో నాకు తెలియదు. పొద్దున కోయాల్సిన ఆకుపచ్చ చీరను ముందు నా బుగ్గకు ఆనించి చూసుకున్నాను. గుచ్చుకోవడం లేదు.